‘కురువిందమువలె’ – జెకర్యా 7:12లోని ఒక పోలిక గురించి

ప్రశ్న:

వచ్చే ఆదివారం మా సంఘంలో జెకర్యా ఏడవ అధ్యాయం చదివి రెండు మాటలు చెప్పే వంతు నాది. పన్నెండవ వచనంలో, ప్రవక్తల ద్వారా వచ్చిన మాటలను వినకుండా ఉండేందుకు పితరులు తమ ‘హృదయములను కురువిందమువలె కఠినపరచుకొనిరి’ అని ఉంది. కురువిందమంటే ఏమిటో అని నిఘంటువు తీస్తే ఒక అర్థం కెంపు అని, మరొక అర్థం తుంగముస్తె అని కనబడింది. దేవుని మాటను పెడచెవిని పెట్టినవారి గుండెను రత్నంతో పోల్చడమేమిటో, పోనీ గడ్డితో పోల్చడమేమిటో నాకు బోధపడలేదు. ‘రాతివలె’ అంటే సరిపోయేది కదా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు:

అమ్మా, మీరు ఆగిన చోట ఆగవలసిందే. ‘రాతివలె’ అని ఉంటే అందరం ఆగకుండా చదువుకుంటూ పోయేవాళ్లం. నాకు తెలిసినంతలో ఈ ఒక్క మాటలో పాత అనువాదకులు తీసుకున్న శ్రమ చాలా ఉంది.

మూలంలోని హీబ్రూ మాట ‘షామీర్’. అతి కఠినమైన రాయి అనే అర్థంలో ఇది హీబ్రూ బైబిలులో మూడే చోట్ల వస్తుంది, ఆ మూడూ ప్రవక్తల గ్రంథాలే. యిర్మీయా 17:1లో యూదా పాపం ఇనుప గంటంతో, షామీర్ మొనతో వారి హృదయమనే పలక మీద చెక్కి ఉన్నదని చెప్పారు. యెహెజ్కేలు 3:9లో, వినని జనం ముందు నిలబడవలసిన ప్రవక్త నుదుటిని చెకుముకి రాతికంటె గట్టిదైన షామీరులా చేస్తానని దేవుడు మాట ఇస్తాడు. మూడవది మీరడిగిన చోటు. మన తెలుగు బైబిలులో మొదటి రెండు చోట్లా ‘వజ్రము’ అని ఉంది, జెకర్యాలో మాత్రం ‘కురువిందము’ అయింది. లాటిన్ అనువాదం జెకర్యాలో వజ్రానికీ ఉక్కుకూ కూడా చెల్లే ‘అదమాస్’ అనే మాట వాడింది. అంతకంటె పాతదైన గ్రీకు అనువాదమైతే రాతిని పూర్తిగా వదిలేసి ‘హృదయమును అవిధేయమైనదిగా చేసికొనిరి’ అన్న భావం మాత్రం ఉంచుకుంది. అర్థం చెడలేదు కానీ చేతికి తగిలే వస్తువు పోయింది.

షామీర్ వజ్రం కాదనీ, ‘ఎమెరీ’ అని మనం కాగితానికి అంటించి ఇనుము రుద్దడానికి వాడే గరుకు రాయి అయివుంటుందనీ పలువురు పండితుల అభిప్రాయం. దాని గ్రీకు పేరు ‘స్మీరిస్’కూ షామీరుకూ చుట్టరికం ఉండవచ్చునని కూడా అంటారు. ఎమెరీ అంటే ఇనుప ఖనిజంతో కలిసిన కురువిందమే. రాళ్ల గట్టిదనాన్ని కొలిచే పది మెట్ల లెక్కలో వజ్రం పదవ మెట్టు, కురువిందం తొమ్మిదవ మెట్టు. ఎర్రని రంగుతో స్వచ్ఛంగా ఉన్న కురువిందాన్ని కెంపు అంటాం, మాసిన రంగులో ముద్దగా ఉన్నదాన్ని సానకు వాడతాం. మీ నిఘంటువు మొదటిదాన్ని చెప్పింది, జెకర్యాకు కావలసింది రెండవది. ఇంగ్లీషు శాస్త్రగ్రంథాలు ఈ రాతిని ‘కొరండం’ అంటాయి. ఆ పేరు మన దక్షిణాది భాషల మాట నుంచి వెళ్లిందే. ఖమ్మం ప్రాంతంలో ఈ ఖనిజం ఇప్పటికీ దొరుకుతుంది.

ఇక తుంగ సంగతి, నాకు ఎక్కువ ఇష్టమైన సంగతి. హీబ్రూలో షామీర్ అనే మాటకు ఇంకొక అర్థం ముళ్లపొద. యెషయా గ్రంథంలో అది పదేపదే వస్తుంది. అయిదవ అధ్యాయంలోని ద్రాక్షతోట పాటలో, తోటమాలి రాళ్లు ఏరి, మేలైన తీగలు నాటి, బురుజు కట్టించి, గానుగ తొలిపించి, మంచి పండ్లకోసం చూస్తే కారుద్రాక్షలు కాస్తాయి. అప్పుడు అతడు కంచె తీసేస్తాను, పార పెట్టను, మేఘాలను కురవనివ్వను అంటాడు. ఆ తోటలో ‘గచ్చపొదలును బలురక్కసి చెట్లును’ బలుస్తాయని మన బైబిలు చెబుతుంది. ఆ జంటలో మొదటి మాట షామీరే. ఏడవ అధ్యాయంలో వెయ్యి వెండి నాణాలు చేసే వెయ్యి ద్రాక్షచెట్లున్న చోట కూడా అదే మొలుస్తుంది. రాయి షామీరూ ముల్లు షామీరూ ఒకే మాటా, లేక ఒకే ధ్వని గల రెండు మాటలా అన్నది నిఘంటుకారులు తేల్చలేదు, గుచ్చుకునే మొన రెండింటికీ సమానమని మాత్రం అనవచ్చు.

ఇప్పుడు మన కురువిందాన్ని చూడండి. అమరకోశం వనౌషధివర్గంలో ‘కురువిందో మేఘనామా ముస్తా ముస్తకమస్త్రియామ్’ అని ఉంది, అంటే అక్కడ కురువిందం తుంగముస్తె. అటు షామీర్ గట్టి రాయి, పాడుపడిన పొలాన్ని ఆక్రమించే మొక్క కూడా. ఇటు కురువిందం గట్టి రాయి, అదను చూసి పొలాన్ని ఆక్రమించే మొక్క కూడా. అనువాదకులు ఇదంతా ఎంచి పెట్టారని నేను అనను, ఇది కేవలం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా తుంగ పెరికిన ఎవరికైనా ఈ యాదృచ్ఛికం మామూలుదిగా తోచదు. పైనున్న ఆకు చేతికి సులువుగా వచ్చేస్తుంది, నేలలో దారంలాంటి వేరుకు నల్లని గడ్డలు వరుసగా ఉండిపోతాయి, రెండు వారాలు తిరిగేసరికి ప్రతి గడ్డా ఒక మొక్క అవుతుంది. ‘గచ్చపొద’ కూడా అటువంటిదే: తీగ నిండా ముళ్లు, కాయ పగిలితే లోపల గోళీలాంటి బూడిదరంగు గింజలు. చిన్నప్పుడు వాటిని గచ్చుమీద రుద్ది పక్కవాడి చేతికి చురుక్కుమనిపించినవారికి ఆ గింజ ఎంత గట్టిదో చెప్పనక్కరలేదు.

ఈ పోలిక వచ్చిన సందర్భం కూడా చెబితే మీ పాఠానికి పనికివస్తుంది. అది పారసీక రాజు దర్యావేషు ఏలుబడి నాలుగవ సంవత్సరం, కిస్లేవు నెల, అంటే క్రీ.పూ. 518 చివర. యెరూషలేము దేవాలయం క్రీ.పూ. 586లో, సంవత్సరపు అయిదవ నెలలో కాలిపోయింది, దానిని తిరిగి కట్టే పని సాగుతున్నది. బేతేలు నుంచి వచ్చినవారు, ఇన్నేళ్లుగా అయిదవ నెలలో ఏడుస్తూ ఉపవాసం ఉంటున్నాం, ఇంకా ఉండాలా అని అడుగుతారు. ప్రవక్త ‘ఉండండి’ అనడు, ‘మానండి’ అనడు. ఆ డెబ్బై ఏళ్ల ఉపవాసం నాకోసమేనా అని దేవుడు అడుగుతున్నాడంటాడు, తరువాత పూర్వ ప్రవక్తలు చెప్పిన సంగతులను మళ్లీ చదివి వినిపిస్తాడు: సత్యంగా తీర్పు తీర్చండి, ఒకరిపట్ల ఒకరు కనికరం చూపండి, విధవరాలిని, తండ్రిలేనివానిని, పరదేశిని, బీదవానిని బాధపెట్టకండి. పెడచెవిని పెట్టినది ఈ మాటలనే. ఏదో గూఢమైన ఆజ్ఞ తెలియక తప్పిన కథ కాదు ఇది.

ఆ వినకపోవడాన్ని జెకర్యా మూడు అవయవాలతో చెబుతాడు. హీబ్రూలో మొదట భుజం: ‘మొండి భుజం ఇచ్చారు’ అని ఉంది. కాడి వేయబోతే భుజం పక్కకు లాగేసే పశువు అందులో కనబడుతుంది. హోషేయ 4:16లో ‘పెయ్య మొండితనము చూపునట్టు’ అన్నచోట ఉన్న ధాతువూ అదే. తరువాత చెవి: చెవులను బరువు చేసుకున్నారు. చివరికి గుండె: దానిని షామీరుగా పెట్టుకున్నారు. తెలుగులో భుజం పోయి ‘మూర్ఖులై’ అన్న మాట మిగిలింది, చెవులు ‘మూసికొనిరి’ అయ్యాయి. బరువెక్కిన చెవికి కనీసం చప్పుడైనా తెలుస్తుంది, గుండె అలా కాదు. మొండితనం లోపలికి దిగుతున్న వరుస ఇది. మన అనువాదంలో ఆ వరుస కొంత చెదిరింది, కురువిందం ఉండబట్టి చివరి మెట్టు నిలిచింది.

ఇక ఫలితం. పన్నెండవ వచనంలో గుండెను షామీరుగా ‘పెట్టుకున్నారు’ అనడానికి హీబ్రూ క్రియ ‘సామూ’. పద్నాలుగవ వచనం చివర, మనోహరమైన దేశాన్ని పాడుగా ‘పెట్టారు’ అనడానికి వాడినది అదే క్రియ, ‘వయ్యాసీమూ’. అక్కడ పాడు అన్న మాట ‘షమ్మా’. సామూ, షామీర్, వినడానికి వాడే ‘షెమోఅ’, షమ్మా అంటూ ఒకే ధ్వని నాలుగు మాటల్లో తిరుగుతుంది. అంతకంటె ముఖ్యం కర్త. మధ్యలో ‘వారిని చెదరగొట్టుదును’ అన్నది దేవుడే అయినా, ఆ చివరి వాక్యంలో దేశాన్ని పాడుచేసినది ‘వారు’. ఆ ‘వారు’ శత్రువులని కొందరు అంటారు. నాకైతే క్రియ ఒకటే అయినందువల్ల కర్త కూడా గుండెను షామీరు చేసుకున్నవారేనని తోస్తుంది, తెలుగు అనువాదం కూడా ఆ వైపే మొగ్గింది. గుండెను ఏ చేతితో రాయి చేసుకున్నారో ఆ చేతితోనే నేలను పాడుచేసుకున్నారు.

మరొకరు:

కురువిందం సంగతి బాగుంది. నా అభ్యంతరం అదే వచనంలోని ‘ధర్మశాస్త్రము’ మీద. ఆ మాట చదివిన తెలుగువాడికి స్మృతులు గుర్తుకు వస్తాయి, లేదా న్యాయస్థానం గుర్తుకు వస్తుంది. సెక్షను మీరారు కాబట్టి శిక్ష పడింది అన్నట్టుగా మొత్తం అధ్యాయం మారిపోతుంది. మీరు చెప్పిన తోట, తుంగ, కాడి అన్నీ ఆ ఒక్క మాటతో వెనక్కి పోవడం లేదా?

జవాబు:

పోతున్నాయి, ఒప్పుకుంటున్నాను. అక్కడున్న ‘తోరా’ అనే మాటకు మూలార్థం ఉపదేశం, దారి చూపించడం. ఈ సంగతి మన అనువాదకులకు తెలియకపోలేదు. సామెతలు 1:8లో ‘నీ తల్లి చెప్పు బోధను త్రోసివేయకుము’ అన్నచోట ‘బోధ’ తోరాయే. అమ్మ చెప్పేది ధర్మశాస్త్రం కాదు గనుక అక్కడ వారికి సరైన మాట దొరికింది. యెషయా 1:10లో కూడా ‘మన దేవుని ఉపదేశమునకు చెవియొగ్గుడి’ అని రాశారు. జెకర్యా దగ్గరకు వచ్చేసరికి మోషే గ్రంథం మనసులో ఉండి ‘ధర్మశాస్త్రము’ అన్నారనుకుంటాను. పూర్వ ప్రవక్తల మాటలతో జంటగా వచ్చింది కాబట్టి దానికీ కొంత న్యాయం ఉంది.

కానీ హోషేయ 4:6 చూడండి. అక్కడ ధర్మశాస్త్రము అన్న మాట ఉన్నా శిక్షాస్మృతి వాసన రాదు. ‘నీవు జ్ఞానమును విసర్జించుచున్నావు గనుక నాకు యాజకుడవు కాకుండ నేను నిన్ను విసర్జింతును, నీవు నీ దేవుని ధర్మశాస్త్రము మరచితివి గనుక నేనును నీ కుమారులను మరతును.’ విసర్జనకు విసర్జన, మరపుకు మరపు. హీబ్రూలో క్రియలు ఎలా జంటలుగా ఉన్నాయో తెలుగులోనూ అలాగే పడ్డాయి, పాత అనువాదంలోని మంచి వాక్యాల్లో ఇది ఒకటి. ఫలానా నేరానికి ఫలానా జరిమానా అనే లెక్కలో నేరమూ జరిమానా వేరువేరు వస్తువులు. ఇక్కడ చేసిన పనే ఎదురు తిరిగి వస్తున్నది.

జెకర్యా 7:13 కూడా ఇటువంటిదే, కాని అక్కడ ఒక చిన్న మాట అడ్డువచ్చింది. ‘నేను పిలిచినప్పుడు వారు ఆలకింపకపోయిరి గనుక వారు పిలిచినప్పుడు నేను ఆలకింపను’ అని మనం చదువుతాం. మూలంలో ‘గనుక’ లేదు, ‘ఎట్లో అట్లే’ అని ఉంది: ఆయన పిలిచినప్పుడు వారు ఎట్లు వినలేదో, అట్లే వారు పిలిచినప్పుడు నేను వినను. ‘గనుక’ కారణం చెబుతుంది, ‘ఎట్లో అట్లే’ పోలిక చెబుతుంది. నేను అనువదిస్తే పోలికనే ఉంచుకుంటాను.

ఈ క్రియ విషయంలో మాత్రం తెలుగు అదృష్టవంతురాలు. హీబ్రూలో ‘షామఅ’ అంటే చెవితో వినడం, చెప్పినట్టు నడుచుకోవడం కూడా. మన ‘విను’ అచ్చంగా అంతే. ‘వాడు మాట వినడు’ అంటే వాడికి చెవుడని ఎవరూ అనుకోరు. ‘విధేయత’ అనే బరువైన మాట తెచ్చుకోకుండానే ప్రవక్తల ఫిర్యాదు మొత్తాన్ని తెలుగు అమ్మ ఒక్క ముక్కలో అనేయగలదు: ‘చెబితే వినరు.’

ఇంకొకరు:

మా ఇంట్లో మూడు తరాలు రత్నాలకు సానపట్టే పని చేశారు. భాష గురించి చెప్పేటంత చదువు నాకు లేదు, రాయి గురించి ఒక మాట. కురువిందం పొడిని లక్కతో కలిపి కాచి, చక్రంగా పోసి, ఆ చక్రం మీద రాళ్లను అరగదీసేవారు. పచ్చ గాని, వైడూర్యం గాని, ఏ రాయి పెట్టినా చక్రానిదే పైచేయి. చక్రం అరగాలంటే వజ్రం కావాలి, లేదా ఏళ్లు కావాలి. కాబట్టి గుండె కురువిందమైంది అంటే అది గట్టిపడిందని మాత్రమే నాకు అర్థం కాదు. తగిలినవాటినన్నిటినీ అది అరగదీస్తుంది. ఆ గుండె పక్కన ఉన్న విధవరాలు, బీదవాడు ఏమవుతారో వేరే చెప్పాలా?

జవాబు:

మీ మాటకు చేతులెత్తి నమస్కారం. నేను రాతిని పుస్తకంలోనే చూశాను. ‘కఠినపరచుకొనిరి’ అన్న మాటను మాత్రమే పట్టుకుని, అది అరగదీసే రాయి అన్నది వదిలేశాను. పదవ వచనంలోని విధవరాలూ పన్నెండవ వచనంలోని కురువిందమూ మీ చక్రం దగ్గర కలిశాయి.

యిర్మీయా 17:1లోని షామీర్ కూడా పనిముట్టే కదా, చెక్కే మొన. అక్కడ ‘ఇనుప గంటము’ అన్న తెలుగును గమనించండి. తాటాకుమీద రాసే గంటం తెలిసిన నేల కనుకనే ఆ మాట వచ్చింది. గంటం సిరా పూయదు, ఆకును గీస్తుంది. తరువాత మసి రుద్దితే అక్షరం నల్లగా తేలుతుంది. మసి తుడిచేసినా గీత పోదు.

మరొకరు:

అంతా విన్నాక ఒక సందేహం. చేసినదే తిరిగి వస్తుంది, పాడుచేసుకున్నది వారే అంటున్నారు. అప్పుడు ఇది మనం ‘చేసుకున్నవారికి చేసుకున్నంత’ అనే సంగతే కదా? ప్రవక్తలకు ప్రత్యేకత ఏముంది?

జవాబు:

సగం వరకు అదే. మిగతా సగం కోసం యిర్మీయా గ్రంథంలో పదేపదే వచ్చే ఒక నుడికారం చూడాలి: ‘పెందలకడ లేచి’. నేను పెందలకడ లేచి మీతో మాటలాడాను, పెందలకడ లేచి ప్రవక్తలను పంపాను, మీరు వినలేదు అని దేవుడు అంటాడు. పొద్దు పొడవకముందే లేచి పొలానికి పోయే రైతుకు వాడే మాట దేవునికి వాడారు. పట్టుదలగా, మళ్లీ మళ్లీ అని దాని భావం. కొత్త అనువాదాలు కొన్ని ఆ భావాన్నే ఉంచి వేకువను తీసేశాయి, నాకు అది నష్టమే అనిపిస్తుంది. చేసుకున్నవారికి చేసుకున్నంత అన్న సూత్రానికి ఎవరూ వేకువనే లేవనక్కరలేదు, అది తనంతట తాను నడుస్తుంది. ఇక్కడ పిలిచేవాడు ఒకడున్నాడు. ఫలితం రాకుండా ఉండాలన్నదే ఆయన ఆరాటం.

యిర్మీయా 36వ అధ్యాయంలో ఇది కళ్లకు కడుతుంది. యూదా రాజు యెహోయాకీము ఏలుబడి అయిదవ సంవత్సరం, తొమ్మిదవ నెల. అదీ కిస్లేవే, బేతేలువారు ప్రశ్న అడిగిన నెలే, సుమారు 86 ఏళ్ల ముందు. రాజు చలికాలపు ఇంట్లో కుంపటి ముందు కూర్చున్నాడు. యిర్మీయా చెప్పగా అతని లేఖకుడు బారూకు రాసిన గ్రంథపు చుట్టను యెహూది అనే అతడు చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు కాగానే రాజు లేఖకుల చాకుతో ఆ మేరకు కోసి కుంపటిలో వేస్తాడు, మళ్లీ చదివిస్తాడు, మళ్లీ కోస్తాడు. కొందరు అధికారులు వద్దని బతిమాలినా వినడు. ఆవేశంతో ఒక్కసారిగా విసిరికొట్టలేదు, చదివినంత మేరకు వరుసగా కోశాడు. చలికి వెచ్చగా ఉండేందుకు దేవుని మాటను కాల్చుకున్న ఆ రాజు శవం పగలు ఎండకూ రాత్రి మంచుకూ బయట పడి ఉంటుందని ఆ అధ్యాయం చివర వస్తుంది. కుంపటికి ఎదురుగా మంచు, ఇదీ ‘ఎట్లో అట్లే’.

అయితే ఆ చుట్ట ఎందుకు రాయించారో మూడవ వచనంలో ఉంది: యూదావారు విని, తమ చెడునడత విడుస్తారేమో, నేను వారి దోషాన్ని క్షమించేలా. హీబ్రూలో ‘ఊలయ్’, తెలుగులో క్రియ చివర ‘ఏమో’. బెదిరించేవాడు ‘ఏమో’ అనడు. అన్నీ ముందే తేలిపోయిన కర్మసూత్రంలోనూ ‘ఏమో’కు చోటుండదు. చుట్ట కాలిపోయాక కూడా దేవుడు మరొక చుట్ట తీసుకొమ్మన్నాడు, పాత మాటలన్నీ రాయించాడు. అటువంటి మాటలు ఇంకా అనేకం దానికి కలిశాయని అధ్యాయం ముగుస్తుంది.

మొదట అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. చదివేటప్పుడు ‘కురువిందమువలె’ అనే చదివి, సానరాయి అని విడమరచి చెబుతాను. ఒక్కటి మాత్రం అడుగుతాను. యెహెజ్కేలుకు దేవుడు ఇచ్చిన నుదురు కూడా షామీరే అన్నారు. వినని గుండెకూ, చెప్పక తప్పని నుదుటికీ ఒకే రాయి ఎందుకు?

జవాబు:

ఆ అధ్యాయంలో దానికి ముందు వచనాలు చూడండి. జనం నుదురు గట్టిది, గుండె గట్టిది అని చెప్పి, వారి ముఖానికి తగినట్టు నీ ముఖాన్ని, వారి నుదుటికి తగినట్టు నీ నుదుటిని గట్టిచేశాను అంటాడు. తెలుగులో అక్కడ ‘వజ్రము’, ఇక్కడ ‘కురువిందము’ కావడంవల్ల ఆ రెండు చోట్ల బంధం తెగిపోయిందని నేను ఇన్నాళ్లూ చింతించేవాడిని. సానపట్టే ఇంటివారు చెప్పినది విన్నాక కొంచెం తగ్గాను, ఆ చక్రాన్ని అరగదీయగలిగినది వజ్రమొక్కటే అన్నారు కదా. మూలానికి ఇది న్యాయం కాదని తెలుసు, హీబ్రూలో రెండూ ఒకే రాయి. మీరు పాఠంలో చెప్పదలిస్తే మూలంలో మాట ఒకటేనని ముందు చెప్పండి. ఒక్క సంగతి గమనించండి, దేవుడు ప్రవక్తకు నుదుటిని మాత్రమే రాయి చేశాడు. గుండె విషయంలో ఆ మరుసటి వచనంలోనే ‘నేను నీతో చెప్పే మాటలన్నీ చెవులార విని నీ హృదయంలో ఉంచుకో’ అన్నాడు.